నిదానం ఇచ్చిన వాంగ్మూలం

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా బతకలేదు. సిటీ బస్సు డ్రైవరుగా డిపోలో చేరిన మూడో నెలకే తోటివాళ్ళు ‘నిదానం’ అని పిలవడం మొదలుపెట్టారు. వెటకారానికి పెట్టిన పేరే గానీ, ముప్పై రెండేళ్ళు గడిచేసరికి అది బిరుదై కూర్చుంది. ఆ ముప్పై రెండేళ్ళలో ఆయన బస్సు మనిషిని తాకలేదు సరికదా, గోడకైనా గీసుకోలేదు. ఈయన బండెక్కితే ఆఫీసుకు ఆలస్యమేనని తిట్టుకున్నవాళ్ళే, నెలలు నిండిన కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే మాత్రం నిదానం బస్సు ఎన్నింటికని వాకబు చేసేవాళ్ళు.

అద్దంలో చూడకుండా బండి కదిపేవాడు డ్రైవరు కాదని ఆయన సిద్ధాంతం. కొత్తగా చేరిన డ్రైవర్లకు ఆ ఒక్క ముక్కా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. వినలేక వాళ్ళు టీకి వెళ్ళిపోయేవాళ్ళు.

రిటైరవడానికి పదేళ్ళ ముందు ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో టాపు మడిచే పొడవాటి కారొకటి కనబడింది. వయసులో ఆయనకన్నా పెద్దది. తలుపులు లేవు, నేల లేదు, ఇంజనులో ఎలకలు కాపురం పెట్టాయి. దాన్ని లారీలో వేసుకుని ఇంటికి తెచ్చి, వెనక రేకుల షెడ్డులో దించాడు. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి చూసి, ముసలితనంలో నాకు సవతిని తెచ్చారా అంది. ఆ పేరూ అలాగే ఉండిపోయింది. సెలవు రోజుల్లో ఆయన షెడ్డులో సవతి సేవలో ఉంటే, ఆవిడ ముందు గదిలో మిషను ముందు కూర్చుని బడి యూనిఫారాలు కుట్టేది. ఇంటికి ముందు గది, దాని మీద స్లాబు ఆ కుట్టుపనితో లేచినవే. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. అప్పుడు అది ముచ్చటకు రాయించుకున్నదే. అందులో ఒక చిక్కుందని ఎవరికి తెలుసు?

ఆ ఊళ్ళో ఏడాదికొకసారి పురపాలక సంఘం ఊరేగింపు తీస్తుంది. ఊరికి పేరు తెచ్చినవాళ్ళనీ, ఊరికోసం ఒళ్ళు వంచినవాళ్ళనీ పాత కార్లలో ఎక్కించి ప్రధాన వీధి పొడవునా తిప్పుతారు. ముందు బ్యాండు, వెనక ఆరు కార్లు, ఆ వెనక బడి పిల్లలు. పదేళ్ళ కిందట నిదానం తన కారును మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. ఆ కాలపు కార్ల వెనక సీట్లు మహా లోతు. అందులో కూర్చున్న ఈత పోటీల విజేత, నెత్తి తప్ప ఎవరికీ కనబడలేదు. కారులో తలకాయ ఒక్కటే ఊరేగుతోందని జనం నవ్వారు.

నిదానానికి అది తల కొట్టేసినట్టయింది. మర్నాడే దానికి విరుగుడు కనిపెట్టాడు. టాపును మడిచి వెనక్కి తోస్తే సీటు వెనక మెత్తటి గట్టులా తయారవుతుంది. దాని మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి పరిచి, మనిషిని అక్కడ కూర్చోబెట్టి, కాళ్ళు సీటు మీద పెట్టించాడు. మరుసటేడు ఊరంతా మనిషిని నిండుగా చూసింది. మిగతా అయిదుగురు కార్ల వాళ్ళూ ఆ పద్ధతే పట్టుకున్నారు. నడక వేగంతో పోయే బండిలో ఏం కొంప మునుగుతుంది? ప్రమాదం అంటే వేగం అని ముప్పై రెండేళ్ళు నమ్మిన మనిషి ఆయన. వేగం లేని చోట ప్రమాదం ఉంటుందన్న ఊహే ఆయన బుర్రలో దూరలేదు. పై గట్టు మీద మనిషి కూర్చుంటే అద్దంలో మొహం కనబడదని, మోకాళ్ళు మాత్రమే కనబడతాయని తొమ్మిదేళ్ళూ చూస్తూనే ఉన్నాడు. చూసి కూడా అది అద్దంలో చూడటం కిందే జమ కట్టుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది ఇక్కడే.

పదో ఏడు ఆయన కారులో ఎక్కింది పెద్దాసుపత్రి నర్సమ్మ. పురుళ్ళ వార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయి, డెబ్భై ఒకటో ఏట అడుగుపెట్టింది. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగిన చేతులు అవి. నిదానం ఇద్దరు కూతుళ్ళూ అందులో లెక్కే. ఆయన ఆవిడను అక్కయ్యా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది. గట్టు మీద కూర్చోమంటే ఆవిడ ఒకసారి కిందికి చూసి, ఇక్కడా, పడనుగా అని అడిగింది.

“నేను తోలుతుంటే పడతావా అక్కయ్యా?” అన్నాడు నిదానం. చెయ్యిచ్చి పైకెక్కించాడు.

పురపాలక భవనం ముందు వేదిక దగ్గర బ్యాండు ఆగి వాయించడం మొదలుపెట్టింది. కార్లూ ఆగాయి. పాత కారు క్లచ్చు రాయిలా ఉంటుంది. నిదానం ఎడమ కాలు దాన్ని అదిమిపట్టి మొద్దుబారింది. కదలమని ఈల వేశారు. అద్దంలో చూశాడు. రెండు మోకాళ్ళు కుదురుగానే ఉన్నాయి. కాలు వదిలాడు. అనుకున్నదానికన్నా ఒక్క పిసరు తొందరగా వదిలాడు. కారు జానెడు ముందుకు ఎగిరింది. జానెడంటే జానెడే. జనంలో ఎవరో నెలల బిడ్డను పైకెత్తి చూపిస్తుంటే నర్సమ్మ అప్పుడే రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. దుప్పటితో సహా వెనక్కి దొర్లి రోడ్డు మీద పడింది. వెనక కారు వాడు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి తుంటి ఎముకతో పోయింది.

ఆపరేషన్ ఆవిడ పనిచేసిన ఆసుపత్రిలోనే, ఆవిడ చేత తిట్లు తిన్న డాక్టర్లే చేశారు. రాడ్డు వేశారు. నిదానం మూడు రోజులు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

నాలుగో రోజు వాళ్ళావిడ తమ్ముడు ఇంటికొచ్చాడు. బీమా ఏజెంటు. సవతికి పాలసీ ఇప్పించింది అతనే. చేతిలో ఆ పాలసీ, మొహంలో నెత్తురు చుక్క లేదు.

“బావా, మూడో పేజీ చదివావా?”

“నువ్వు చదివావా?”

ఇద్దరూ చదవలేదు. ఇప్పుడు భూతద్దం పెట్టుకుని చదివారు. పాత కార్లకు తక్కువ ధరలో ఇచ్చే పాలసీ అది. వాహనంలో అమర్చిన సీట్లలో కూర్చున్న ప్రయాణికులకే వర్తిస్తుందట. సీటు కాని చోట యజమాని ఎవరినైనా కూర్చోబెడితే ఆ పూచీ అంతా యజమానిదేనట. పోనీ ఊరేగింపు వాళ్ళకు వేరే బీమా ఉంది కదా అంటే, అది నడిచేవాళ్ళకూ వేదికకూ మాత్రమే. కార్ల బాధ్యత మాదే అని యజమానులు ఏటా ఒక కాగితం మీద సంతకం పెడుతున్నారు. నిదానం ఆ కాగితాన్ని ప్రతిసారీ కారు బానెట్ మీద పెట్టి, చదవకుండా, నవ్వుతూ సంతకం చేశాడు. నర్సమ్మ రోడ్డు మీద పడినట్టే ఈ రెండు కాగితాల సందులోనూ పడింది.

బావమరిది గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. నర్సమ్మ కొడుకు కోర్టులో గుమస్తా. ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో తెలిసినవాడు. బావే కూర్చోబెట్టాడని తేలితే కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. కొడుకు దావా వేస్తే, ఇంటి కాగితాల్లో బావ పేరూ ఉంది కాబట్టి, అది నేరుగా ఇంటి మీదికి వస్తుంది. కూర్చోవద్దన్నా ఆవిడే ఎక్కిందని తేలితే మాత్రం ఎవరికీ ఎవరి మీదా దావా లేదు.

వాళ్ళావిడ మిషను మీద చెయ్యి వేసి నిలబడి అంతా వింది. తమ్ముడు వెళ్ళాక ఆయన వైపు తిరిగింది.

“అబద్ధం చెప్పమని నేననను. నిజం చెప్పమనీ అనలేను. ఈ గోడలు నా నడుము విరిగితే లేచాయండీ.”

మర్నాడు అయిదుగురు కార్ల వాళ్ళూ కట్టగట్టుకుని వచ్చారు. తొమ్మిదేళ్ళుగా అందరం ఇలాగే కూర్చోబెడుతున్నామని నువ్వు ఒప్పుకుంటే మా పాలసీలన్నీ గోవిందా అని మొత్తుకున్నారు. కుర్చీలు చాలక ఇద్దరు నిలబడే తమ బాధ చెప్పుకున్నారు. తన సొంత గదిలో, ఇంతమంది మధ్య, నిదానానికి బయటికి దారి కనబడలేదు. షెడ్డులోకి వెళ్తే అక్కడ కారు. వీధిలోకి వెళ్తే పలకరింపులు. ముప్పై రెండేళ్ళు ఎక్కడ బస్సు ఇరుక్కున్నా వెనక్కి తీసే చోటు ఒకటి దొరికేది.

ఆ చోటు కూడా చివరికి నర్సమ్మే చూపించింది. అదే ఆయనకు ప్రాణసంకటమైంది. వారం తర్వాత కబురంపితే వెళ్ళాడు. మంచం మీద కాలు కదలకుండా పడుకుని ఉంది. ఆవిడకూ ఎవరో అంతా చెప్పినట్టున్నారు.

“తమ్ముడూ, నువ్వు వద్దన్నావు, నేనే ఎక్కాను. విచారణకొచ్చిన వాళ్ళతో నేనలాగే చెప్తాను. నువ్వూ అలాగే చెప్పు.”

అది నిజం కాదు కదా అక్కయ్యా అన్నాడు. నాకు ఆపరేషన్ ఉచితంగానే జరిగింది, ఎవరి దగ్గరా పైసా అక్కర్లేదు, నీ ఇల్లెందుకు పోవాలి అంది ఆవిడ. ముప్పై ఎనిమిదేళ్ళు వార్డును నడిపిన గొంతు అది. ఆ గొంతుకు ఎదురు చెప్పడం డాక్టర్లకే చేతకాలేదు. నిదానం తల ఊపాడు. ఊపుతున్నప్పుడు గుండెల మీంచి బరువు దిగింది. ఆ దిగినందుకు తర్వాత ఎంత సిగ్గుపడ్డాడో చెప్పలేను.

కంపెనీ విచారణాధికారి మర్యాదస్తుడు. షెడ్డులో నిలబడి టేపుతో సీటు నుంచి గట్టు ఎత్తు కొలిచాడు. ఆవిడను అక్కడ మీరు కూర్చోబెట్టారా, ఆవిడే ఎక్కారా అని అడిగాడు.

“కింద కూర్చోమన్నాను. ఆవిడే ఎక్కింది.”

అధికారి రాసుకుని, చదివి వినిపించి, సంతకం చేయించుకున్నాడు. ముప్పై రెండేళ్ళ రికార్డున్న డ్రైవరు మాట మాకు చాలు అని చెయ్యి కలిపి వెళ్ళాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. డ్రైవరు హెచ్చరికను పెడచెవిన పెట్టి, ప్రయాణికురాలు తన సొంత నిర్లక్ష్యం వల్ల గాయపడినట్టు నిర్ధారించడమైనది అని. దాని నకలు ఒకటి నర్సమ్మకూ వెళ్ళింది. బావమరిది మిఠాయి పొట్లంతో వచ్చాడు. అయిదుగురు కార్ల వాళ్ళూ ఊపిరి పీల్చుకున్నారు. వీధిలో ఎవరు ఎదురైనా నిదానాన్ని ఓదార్చడమే. మీరేం చేస్తారు పాపం, పెద్దావిడ మొండిది అనేవాళ్ళు. ఆవిడకు ఈ మధ్య మతి నిలకడ లేదని ఒకరన్నారు. ఇన్నాళ్ళూ పసిపిల్లలకు జ్వరమొస్తే ఆవిడ గుమ్మం తొక్కే తల్లులు ఇప్పుడు జంకుతున్నారని ఇంకొకరన్నారు. ప్రతి ఓదార్పుకూ ఆయన తల ఊపాల్సి వచ్చేది. ఊపకపోతే ఎందుకని అడుగుతారు. జైల్లో ఉన్నవాడికి పలకరించేవాళ్ళలోనైనా నిజం తెలిసినవాళ్ళుంటారు, ఈయనకు ఆ సుఖమూ లేదు.

ప్రతి ఆదివారం భార్యతో కలిసి నర్సమ్మ ఇంటికి వెళ్ళేవాడు. రెండు గదుల ఇల్లు, తలుపు తీస్తే వీధి. ఆవిడ నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని గుమ్మం దాకా నడవడం నేర్చుకుంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను పేరు పెట్టి పిలిచేది. ఆ ఉత్తరం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఆయనకు ఉండేది.

అయిదో ఆదివారం వెళ్ళేసరికి గుమ్మంలో కుర్చీ లేదు. గది నిండా అట్టపెట్టెలు. నర్సమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కొడుకు గిన్నెలకు కాగితాలు చుడుతున్నాడు. అమ్మను తన దగ్గరికి తీసుకెళ్ళిపోతున్నానని, ఒకటో తారీఖు నుంచి ఈ ఇల్లు అద్దెకిచ్చేశానని చెప్పాడు. అతను ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఈ కాలుతో ఒకసారి ఎక్కితే ఆవిడ మళ్ళీ దిగేది ఎప్పుడో ఎవరికి తెలుసు? నాకిక్కడ బాగానే ఉందిరా అని ఆవిడ అంది. వార్డును నడిపిన గొంతు కాదది. అడుక్కుంటున్న గొంతు.

కొడుకు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ ఇంకోలా ఉండేది. గిన్నె పక్కన పెట్టి, నిదానానికి కుర్చీ వేసి, ఎదురుగా నిలబడ్డాడు.

“బాబాయ్, ఇన్నాళ్ళూ మీకు క్షమాపణ చెప్పలేదు. మా అమ్మ చేసిన పనికి మీ రికార్డుకు మచ్చ పడింది. డ్రైవరు వద్దంటున్నా, కదిలే కారు మీదికి ఈ వయసులో ఎక్కిన మనిషిని ఒంటరిగా ఎలా వదలను చెప్పండి? రేపు గ్యాసు కట్టెయ్యడం మర్చిపోతుంది. నా భయం నాది.”

అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. తల్లి అలా ఎక్కిందన్నది నిజమైతే కొడుకన్నవాడు చెయ్యాల్సింది అదే. నిదానం నర్సమ్మ వైపు చూశాడు. ఆవిడ చిన్నగా తల అడ్డంగా ఊపింది. వద్దని. పక్కనే కూర్చున్న భార్య వైపు చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఇల్లు, స్లాబు, మిషను, బావమరిది, అయిదుగురు కార్ల వాళ్ళు, అందరూ కళ్ళ ముందు అడ్డంగా నిలబడ్డారు. అయినా మాట బయటికి వచ్చింది.

“ఆవిడ ఎక్కలేదు బాబూ. పడనుగా అని అడిగింది. నేనే చెయ్యిచ్చి ఎక్కించాను. అద్దంలో మొహం కనబడకుండానే బండి కదిపాను. మీ అమ్మ మతి శుభ్రంగా ఉంది.”

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది. అది చాలు, అతనికి అర్థమైంది. మొహం ఎర్రబడింది. విచారణలో ఇలా చెప్పలేదే అన్నాడు. చెప్పలేదన్నాడు నిదానం.

“మాటలతో నాకు పనిలేదు. రాసివ్వండి.”

“రాయకు తమ్ముడూ,” అంది నర్సమ్మ. “నేను ఆ మేడ మీద సర్దుకుంటాను. మీ ఇంటి మీదికి తెచ్చుకోకు.”

కొడుకు అప్పటికే తెల్ల కాగితం, పెన్ను తెచ్చి ఒక అట్టపెట్టె మీద పెట్టాడు. నిదానం వంగి రాశాడు. ఆయన చేతిరాత ఆయన డ్రైవింగు లాంటిదే, అక్షరానికీ అక్షరానికీ మధ్య బస్సు పట్టేంత చోటు. తొమ్మిదేళ్ళుగా ఆ గట్టు మీద మనుషుల్ని కూర్చోబెట్టడం తాను పెట్టిన పద్ధతేననీ, ఆ రోజు ఆవిడను ఎక్కించింది తానేననీ, కంపెనీకి అబద్ధం చెప్పి సంతకం చేసింది కూడా తానేననీ రాశాడు. కింద సంతకం పెట్టాడు. పెన్ను పక్కన పెట్టి ఆగాడు.

వాళ్ళావిడ చెయ్యి చాచి కాగితం అందుకుంది. కొడుకు అభ్యంతరం చెప్పబోయి ఆగిపోయాడు. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకుని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా వేలు పెట్టి చదివింది. నిదానం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆ కాగితం చింపేస్తుందనే అనుకున్నాడు. చింపినా ఆవిడను ఏమీ అనగలిగే స్థితిలో లేడు.

ఆవిడ కాగితాన్ని మళ్ళీ అట్టపెట్టె మీద పెట్టి, పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

“తారీఖు వెయ్యలేదు. వెయ్యండి,” అంది.